అరుగు మీది అక్షరం, ఇంటిలోని పద్యం: కోనసీమలో పసిపిల్లల చదువు

పసిపిల్లలను ఒడిలో కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించడం తల్లిదండ్రులు తరతరాలుగా చేస్తూ వస్తున్న పని అని నేడు కోనసీమలో చాలా కుటుంబాలు అనుకుంటాయి గాని, గౌతమికీ వశిష్ఠకూ నడుమ, వైనతేయ చీల్చుకుంటూ పోయే ఈ డెల్టా భూముల చదువుల చరిత్రను నిదానించి చూస్తే సంగతి అలా కనిపించదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో అక్షరం నేర్పే పని చాలాకాలం ఇంటిది కాదు, ఇంటి ముందున్న అరుగుది. ఆ అరుగు మీద కూర్చుని జీతం పుచ్చుకుని చెప్పే అయ్యవారిది. ఇంటికి అప్పగించిన పని వేరు. చదవబోయే మాటను అక్షరం కంటే ముందే పిల్లవాడి నోటికి ఎక్కించడం, సాయంత్రం దీపం పెట్టిన తరవాత అప్పజెప్పించుకోవడం, తప్పు పోతే అందించడం ఇంటి వంతు. ఈ రెండు పనులూ ఎప్పుడు, ఎందుకు కలిసిపోయాయన్నదే కోనసీమ బాలశిక్షణ చరిత్రలో అసలు ప్రశ్న.

ఈ సీమకు విద్యతో ఉన్న సంబంధం పాతది. పదకొండవ శతాబ్దంలో రాజరాజనరేంద్రుడు నారాయణభట్టుకు నందంపూడిని అగ్రహారంగా, అంటే పండితునికి పన్ను లేకుండా ఇచ్చే గ్రామంగా, దానం చేసిన తామ్రశాసనం ఈ ప్రాంతాన్ని రెండేరుల నడిమి విషయంగా, అంటే పరిపాలనా విభాగంగా, పేర్కొంటుంది. నన్నయ రచించిన ఆ శాసనంలోని నందంపూడి నేటి అంబాజీపేట మండలంలో ఉంది. ఇటువంటి దానాల వల్ల నిలదొక్కుకున్న వేదపండితుల కుటుంబాలలో ఇల్లే పాఠశాల, తండ్రే గురువు. అమెరికా పండితుడు డేవిడ్ నైప్ 2015లో ప్రచురించిన గ్రంథంలో వివరించిన కోనసీమ వేదకుటుంబాల జీవితం ఆ పద్ధతికి దాదాపు చివరి తరాల చిత్రం. అయితే అక్కడ నేర్పేది చదవడం కాదు. వేదం చెవితో పట్టి నోటితో నిలుపుకోవలసిన విద్య గనుక పుస్తకం చూసి వల్లించడాన్ని ఆ సంప్రదాయం తక్కువ చేసి చూసింది. ఇంట్లో తండ్రి కొడుకుకు ఏళ్ల తరబడి పాఠం చెప్పే అలవాటు ఉన్న ఇళ్లలో కూడా తెలుగు అక్షరం అంత ముఖ్యమైన సంగతి కాకపోవడం గమనించదగినది.

అక్షరం నేర్పే బడుల గురించి తొలి లెక్కలు మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లా కలెక్టర్ల నుంచి కోరిన నివేదికలలో దొరుకుతాయి. అప్పటికి కోనసీమ రాజమండ్రి జిల్లాలో భాగం. ఆ జిల్లా కలెక్టరు 1823లో పంపిన పట్టికలో 291 బడులు, వాటిలో 2,658 మంది పిల్లలు ఉన్నారు. ఇవికాక వేదశాస్త్రాలు చెప్పే చోట్లు 279 అనీ, వాటిలో చదివేవారు 1,454 మంది అనీ ఉంది. సగటున బడికి తొమ్మండుగురు, శాస్త్రం చెప్పే పండితునికి అయిదుగురు శిష్యులన్నమాట. ఈ నివేదికలను 1983లో ధరంపాల్ గ్రంథరూపంలో వెలువరించిన తరవాత, ఆంగ్లేయులు రాకముందు ఊరూరా చదువు వెల్లివిరిసిందని చెప్పుకోవడం పరిపాటి అయింది. రాజమండ్రి అంకెలు మాత్రం ఆ మాటకు పెద్దగా బలమివ్వవు. ఏడు లక్షల ముప్ఫై ఎనిమిది వేల జనాభా ఉన్న జిల్లాలో బడికి పోయే పిల్లలు మూడు వేలైనా లేరు.

ఈ లోటును ఇంటి చదువు పూడ్చి ఉంటుందా అన్న సందేహం మన్రోకే వచ్చింది. మద్రాసు నగర కలెక్టరు తన పరిధిలో బడులలో అయిదు వేల పైచిలుకు పిల్లలు చదువుతుంటే, ఇళ్లలో బంధువుల దగ్గరో సొంతంగా పెట్టుకున్న పంతుళ్ల దగ్గరో చదివేవారు ఇరవై ఆరు వేలకు పైనే ఉన్నారని రాశాడు. మన్రో ఆ సంఖ్యను పూర్తిగా నమ్మలేదు గాని ఇంటి చదువు గణనీయంగానే ఉంటుందని ఒప్పుకుని, మగపిల్లలలో చదువుకునేవారి పాలు నాలుగో వంతు కంటే మూడో వంతుకు దగ్గరగా ఉంటుందని 1826లో అంచనా వేశాడు. వర్తకులూ గుమాస్తాలూ కిక్కిరిసిన నగరానికి పొసగిన లెక్క, వరి చేల మధ్య ఏరు దాటితే గాని పక్క ఊరికి పోలేని లంక గ్రామాలకు పొసగుతుందనుకోవడం కష్టం.

రాజమండ్రి నివేదికలో లెక్కల కంటే విలువైనది మరొకటి ఉంది. బడులలో చదివే 43 పుస్తకాల పేర్లను కలెక్టరు వరుసగా ఇచ్చాడు. సుమతీ శతకం, కృష్ణ శతకం, దాశరథీ శతకం, భాస్కర శతకం, నారాయణ శతకం, గజేంద్రమోక్షం, రుక్మిణీకల్యాణం, కుచేలోపాఖ్యానం, మొల్ల రామాయణం, ఆంధ్రనామసంగ్రహం, అమరం, పావులూరి గణితం, వాటికి పైమెట్టుగా వసుచరిత్ర, మనుచరిత్ర అందులో కనిపిస్తాయి. బాలల కోసమే రాసిన వాచకం, అంటే తేలిక మాటలతో మొదలై మెల్లగా కఠినమయ్యే పుస్తకం, ఒక్కటీ లేదు. ఓనమాలు దిద్దిన పిల్లవాడు నేరుగా శతకపద్యంలో అడుగుపెట్టేవాడు. ఇది ఎలా సాధ్యమైందో తెలియాలంటే బడిలో ఏం జరిగేదో, ఇంట్లో ఏం జరిగేదో విడివిడిగా చూడాలి.

అయిదో ఏట, అయిదో నెలలో, అయిదో రోజు పిల్లవాడిని బడిలో వేయడానికి శుభదినమని రాజమండ్రి కలెక్టరు ప్రత్యేకంగా నమోదు చేశాడు. ఆ సందర్భంలో జరిపే అక్షరాభ్యాసంలో పళ్లెంలో బియ్యం పోసి, గణపతిని పూజించి, పిల్లవాడి చూపుడువేలు పట్టుకుని దేవుని పేరు రాయిస్తారు. ఓం నమః శివాయ, సిద్ధం నమః అనే ఈ తొలి రాతనే జనం ఓనమాలు అన్నారు. నేటికీ అయినవిల్లి విఘ్నేశ్వరాలయంలో ఈ తంతు జరుపుకునే కుటుంబాలు కోనసీమలో కొల్లలు. పరీక్షల ముందు స్వామి సన్నిధిలో కలాలను పూజించి విద్యార్థులకు పంచడం కూడా అక్కడి వాడుక. బియ్యంలో వేలు పట్టి రాయించేది తండ్రి గాని పురోహితుడు గాని అయినా, మరునాటి నుంచి ఆ వేలు అయ్యవారి చేతిలోకి పోయేది.

వీధిబడికి వేరే భవనం ఉండేది కాదు. సంపన్న గృహస్థు ఇంటి అరుగో, గుడి మంటపమో, చావడో చాలు. అందుకే ఆంగ్ల దస్తావేజులు వీటిని పయల్ స్కూళ్లు, అంటే అరుగు బడులు అన్నాయి. గోదావరి జిల్లాల వాడుకలో దుంపలబడి అన్న మాట చిన్న తరగతుల బడికి ఆ తరవాత కూడా చాలాకాలం నిలిచింది. పాడ్యమి, అష్టమి, అమావాస్య, పౌర్ణమి అనధ్యాయాలు, చదువు చెప్పరాని రోజులు గనుక అవే సెలవులు. పిల్లవాడు మొదట ఇసుకలో వేలితో రాసేవాడు. చేయి కుదిరాక తాటాకు మీద గంటంతో, అంటే ఇనుప మొన ఉన్న కలంతో గీసేవాడు. గీత కంటికి ఆనడానికి ఆకు మీద మసి, ఆకుపసరు కలిపి పూసి తుడిచేవారు. చల్లగా నడిచిన బడి కాదది: దూలానికి కట్టిన తాడు పట్టించి వేలాడదీసే కోదండం, గోడకుర్చీ, గుంజీలు పాఠంలో భాగాలే.

అక్షరాల తరవాత గుణింతం వచ్చేది. హల్లుకు అచ్చు చేరినప్పుడు రూపం ఎలా మారుతుందో వరుసగా చూపేది గుణింతం. దాన్ని పిల్లలు రాగం తీస్తూ చెప్పే తీరు నిశితంగా గమనించదగినది. కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి, కకు గుడిదీర్ఘమిస్తే కీ, కకు కొమ్మిస్తే కు అని పిల్లవాడు అన్నప్పుడు, మొదట మూల హల్లు పేరు, తరవాత దానికి తగిలే గుర్తు పేరు, చివరకు పుట్టే ధ్వని ఒకే ఊపిరిలో వస్తున్నాయి. ఆ ఊపిరిలోనే వేలు ఇసుకలో ఆ గుర్తును గీస్తోంది. కకు కావత్తు ఇస్తే క్క అని ఒత్తులు వచ్చేసరికి ఇదే సూత్రం సంయుక్తాక్షరాలకూ పనికి వచ్చేది. కొత్త మాట ఎదురైతే రకు దీర్ఘమిస్తే రా, మ, రామ అని కూడబలుక్కోవడానికి కావలసిన సరంజామా అంతా ఆ పాటలోనే ఉంది. అక్షరాల సంఖ్య యాభై ఆరని చెప్పుకున్నా, గుణింతాలూ ఒత్తులూ కలిపితే తెలుగు పిల్లవాడు గుర్తుపట్టవలసిన రూపాలు కొన్ని వందలు అవుతాయి గనుక, ఒక్కొక్కటీ విడిగా బట్టీ పట్టించకుండా పుట్టించుకునే మార్గం నేర్పడం తెలివైన ఏర్పాటు. కన్నడ పిల్లలు చదవడం నేర్చుకునే తీరుపై సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన ఇటువంటి లిపులలో అక్షరాలన్నీ పట్టుబడడానికి తొలి తరగతి చాలదనీ, ఏళ్లు పడుతుందనీ చూపింది. వీధిబడి అయ్యవారికి ఆ సంగతి అనుభవం మీద తెలుసు.

ఇక ఇంటి సంగతి. పిల్లవాడు సాయంత్రం కాళ్లూ చేతులూ కడుక్కుని దీపం ముందు కూర్చుని వారాలు, తిథులు, నక్షత్రాలు, రాశులు, ప్రభవ మొదలు అరవై సంవత్సరాల పేర్లు, ఎక్కాలు, ఆ తరవాత శతకపద్యాలు అప్పజెప్పడం గోదావరి డెల్టాలో చదువున్న ఇళ్లన్నింటా ఉన్న నియమం. వినేవారు నాయనమ్మ కావచ్చు, మేనత్త కావచ్చు, వారికి ఒక్క అక్షరం రాకపోవచ్చు. అయినా పద్యం వారికి నోటికి వచ్చు. యతి తప్పినా, పాదం ఎగిరిపోయినా చెవి వెంటనే పట్టేస్తుంది. ఆ విధంగా పిల్లవాడు తాటాకు విప్పేనాటికి అందులో ఉన్న సుమతీ పద్యాలు అతనికి పరాయివి కావు. తెలియని మాటను అక్షరాల నుంచి రాబట్టడం కాక, తెలిసిన మాట ఆకు మీద ఏ రూపంలో ఉందో వెతుక్కోవడం అతని పని అయింది. వాచకం లేకుండా శతకంలోకి దిగగలగడానికి కారణం ఇదే. ఇంటి సాయమంటే అక్షరం నేర్పడం కాదు, అక్షరానికి ముందు మాటను సిద్ధం చేసి పెట్టడం.

ఈ పద్ధతిని ఆనాటి పరిశీలకులు కఠినంగా విమర్శించారు. నెల్లూరు సీమకు చెందిన వెన్నెలకంటి సుబ్బారావు మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి 1820లో సమర్పించిన నివేదికలో పిల్లలు అర్థం తెలియని పద్యాలతో ఏళ్లు గడుపుతున్నారని, తేలిక కథల పుస్తకాలూ వ్యాకరణమూ కావాలని వాదించాడు. తెలుగు వ్యాకరణం, నిఘంటువు రాసిన ఎ. డి. కాంప్‌బెల్ బళ్లారి కలెక్టరుగా 1823లో పంపిన నివేదికలోనూ అదే ఆక్షేపణ. పుస్తకాల భాష వాడుక భాషకు దూరమైనందువల్ల పిల్లలు చిలకల్లా వల్లిస్తారు తప్ప గ్రహించరని అతని మాట. ఆక్షేపణలో నిజం లేకపోలేదు. వసుచరిత్ర పద్యం పదేళ్ల పిల్లవాడికి ఏం అర్థమవుతుంది? కానీ వీరిద్దరూ చూసింది అరుగును మాత్రమే. ఇంట్లో ఆ పద్యాన్ని సందర్భానికి తగినట్టు వాడే పెద్దలు, హరికథలో, పురాణ కాలక్షేపంలో అదే కథను మళ్లీ వినే అవకాశం వారి లెక్కలోకి రాలేదు. విచిత్రమేమంటే, ఇసుకలో రాయడం, పెద్ద పిల్లవాడు చిన్నవాడికి చెప్పడం అనే దక్షిణాది బడుల అలవాట్లనే ఆండ్రూ బెల్ మద్రాసు అనాథాశ్రమంలో అమలుచేసి, 1797లో పుస్తకం రాసి, ఇంగ్లండులో మద్రాసు పద్ధతి పేరిట ప్రచారం చేశాడు.

బడికీ ఇళ్లకూ ఏటా లెక్క తేలేది దసరాకు. పిల్లలు విల్లంబులూ గిలకలూ పట్టుకుని, బుక్కా చల్లుకుంటూ అయ్యవారి వెంట ఇంటింటికీ తిరిగి పద్యాలు చదివేవారు. గృహస్థు అయ్యవారికి కట్నం, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చేవాడు. పండగ వేడుక అనిపించే ఇది నిజానికి ఊరి ఎదుట జరిగే పరీక్ష. నలుగురి ఎదుట కొడుకు గొంతు ఎంత తెరుచుకుందో తల్లి గడపలో నిలబడి వినగలిగిన ఏకైక సందర్భం కూడా ఇదే కావచ్చు.

ఆ తల్లికి చదువు రాకపోవడమే ఈ ఏర్పాటులోని పెద్ద లోపం. 1823 పట్టికల్లో ఆడపిల్లల సంఖ్య దాదాపు లేనట్టే. మాల మాదిగ వాడల పిల్లలకు అరుగు ఎక్కే హక్కే లేదు. దీపం ముందు పద్యం అప్పజెప్పించుకునే ఇల్లు లేనివాడికి అరుగు బడి తెరిచినా సగం చదువే అందేది. అరుగూ లేనివాడికి ఆ సగమూ లేదు. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ నెలకొల్పిన గోదావరి డెల్టా మిషన్ నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా పనిచేస్తూ ఈ వర్గాలకు బైబిలు చదివేపాటి అక్షరజ్ఞానం అందించడానికి పూనుకుంది. ఆ ఇళ్లలో తొలిసారి వినిపించిన పుస్తక భాష శతకం కాదు, కీర్తనా సువార్తా.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారిన తరవాత డెల్టా రైతు చేతిలో నాలుగు రూపాయలు ఆడసాగాయి. దాని ఫలితం బడులపై త్వరగానే కనిపించింది. వశిష్ఠకు ఆవలి ఒడ్డున నరసాపురంలో సబ్‌కలెక్టరుగా ఉన్న జి. ఎన్. టేలర్ 1850లలో తెలుగు బడులు తెరిచాడు. వాటిని చూసి చుట్టుపక్కల గ్రామస్థులు శిస్తుతో పాటు కొంత అదనంగా కట్టి తమ ఊళ్లకూ బడులు కావాలన్నారు. రేటు బడులు అని పేరు పడిన ఇవి, గ్రామం పన్ను మీద నడిచిన బడులు, మద్రాసు ప్రభుత్వం 1863లో విద్యాచట్టం చేయడానికి ఒక ముఖ్య కారణం. పథకం అనుకున్నంత నిలవలేదు గాని, అయ్యవారి జీతం ఒక్కొక్క ఇంటి నుంచి కాక ఊరుమ్మడిగా రావడం అనే ఆలోచన అప్పుడు పాతుకుంది. ఇన్‌స్పెక్టరు వచ్చాడు, తరగతి వచ్చింది, అచ్చు పుస్తకం వచ్చింది.

అచ్చు పుస్తకం తెచ్చిన మార్పు వీటన్నిటి కంటే లోతైనది. పుదూరి సీతారామశాస్త్రి 1832లో రాసిన బాలశిక్ష, తరవాతి ముద్రణల్లో పెరిగి పెద్ద బాలశిక్ష అయి, మద్రాసు వావిళ్ల వంటి సంస్థల చేతుల మీదుగా తెలుగు సీమ అంతటా వ్యాపించింది. అక్షరాలు, గుణింతాలు, చిన్న మాటలు, నీతివాక్యాలు, ఎక్కాలు, తిథులు, సంవత్సరాలు, పద్యాలు అన్నీ ఒకే అట్టల మధ్య చేరాయి. అంటే అరుగు మీది పాఠమూ ఇంటిలోని పాఠమూ ఒక పుస్తకంలో కలిశాయన్నమాట. మార్కాపురం ప్రాంతపు రాతిపలక, బలపం చవకగా దొరికి ఇసుకనూ తాటాకునూ తప్పించాయి. పలకను బొగ్గుతో, దొండాకు పసరుతో రుద్ది నల్లగా చేసుకోవడం పిల్లల పని. పలక మీద వరుస పెట్టి ఇవ్వడం మాత్రం ఇప్పుడు ఇంట్లో ఎవరైనా చేయగలిగిన పని అయింది, అక్షరం వస్తే.

ఆ షరతు తీరడానికి మరో రెండు తరాలు పట్టింది. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికా పాఠశాల ప్రారంభించి, 1883లో సతీహితబోధిని పత్రికను స్త్రీల కోసం నడిపాడు. డెల్టా తలవాకిట మొదలైన ఆ ప్రయత్నం లంకల దాకా నిదానంగా పారింది. ఇరవయ్యో శతాబ్దం నడిమికి, అయిదో తరగతో ఎనిమిదో తరగతో చదివి పెళ్లయిన స్త్రీలు కోనసీమ ఇళ్లలో కనిపించసాగాక, వంటింటి గడప దగ్గర పలక పట్టుకు కూర్చున్న పిల్లవాడికి తల్లే గుణింతం దిద్దించడం సాధారణ దృశ్యమైంది. 1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు వెలువరించిన బాల, 1947 జులైలో మొదలైన చందమామ ఈ తల్లులకు అందివచ్చాయి. పద్యం బదులు వాడుకకు దగ్గరైన వచనంలో కథను పైకి చదివి వినిపించే వీలు చిక్కింది. పిల్లవాడి చెవిని సిద్ధం చేసే పాత పని ఆగలేదు, దాని సరుకు మారింది. తల్లి అక్షరం నేర్పడం అనాదిగా ఉన్న ఆచారం కాదనీ, ఆడపిల్లల బడి తరవాత పుట్టిన ఆచారమనీ ఈ కాలక్రమమే చెబుతుంది.

వాడల్లో ఈ క్రమం మరింత ఆలస్యంగా నడిచింది. మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న రచించిన పాలేరు నాటకం, పాలేరు కుర్రవాడు చదువుకుని అధికారి కావడాన్ని కథగా చేసుకుని ఊరూరా ప్రదర్శనలు పొందింది. ఆ నాటకంలో పిల్లవాడికి చదువు దారి చూపేది ఇల్లు కాదు, మనసున్న పంతులు. ఇంట్లో అప్పజెప్పించుకునేవారు లేని పిల్లల విషయంలో బడి మీద పడే బరువు ఎంతటిదో భీమన్న జీవితమూ నాటకమూ రెండూ చూపుతాయి.

తరవాతి సంగతులు సంక్షిప్తంగా చెప్పవచ్చు. ప్రైవేటు చెప్పించడం, అంటే బడి అయ్యాక మేష్టారి ఇంటికి పంపి డబ్బిచ్చి చదివించడం, అరుగు బడి పాత ఒప్పందానికి కొత్త రూపం. 1975 తరవాత వచ్చిన అంగన్‌వాడీ మూడేళ్ల పిల్లలను చేరదీసింది. రాజోలు, అమలాపురం ప్రాంతాల నుంచి వేలాది స్త్రీలు కువైట్ తదితర గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్లడంతో చాలా ఇళ్లలో పిల్లల చదువు మళ్లీ అమ్మమ్మల, నాయనమ్మల ఎదుటికి వచ్చింది. ఫోన్‌లో తల్లి అడిగితే పిల్ల అప్పజెబుతుంది, పక్కన పెద్దావిడ వింటుంది. ఇంగ్లీషు మాధ్యమం విస్తరించడంతో ఇంటి సాయం మరో చిక్కులో పడింది. తెలుగులో చదువుకున్న తల్లి గుణింతం దిద్దించగలదు గాని, రాసిన అక్షరానికీ పలికే ధ్వనికీ లెక్క కుదరని ఇంగ్లీషు స్పెల్లింగు దగ్గర ఆమెకు తెలిసిన ఉపాయమేదీ పనికిరాదు. 2020–21 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇస్తున్న ద్విభాషా పాఠ్యపుస్తకాలలో ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషు. కోనసీమ ఇళ్లలో తల్లిదండ్రులు చదివి వినిపించగలిగేది చాలావరకు మొదటి పుటను, పిల్లలకు మార్కులు వచ్చేది రెండో పుట మీద.